రెండో అక్షరం తప్పకుండా

ఆ రోజుల్లో అమెరికాలో, అల్ఫారెట్టా ఊళ్ళో మా అపార్ట్‌మెంట్‌కి గోడలెందుకు కట్టారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పక్క గదిలో తుమ్మితే ఇవతల నేను ‘నూరేళ్ళు’ అనేదాన్ని. ఆ గదిలో ఉండేది నా రూమ్మేట్, బ్రెజిల్ అమ్మాయి (పొట్టితనమూ ఘాటూ చూసి మిరపకాయ అని నేనే పేరు పెట్టాను). యాక్టింగ్ కోర్సు అయిపోయింది, వీసా అయిపోవస్తోంది. ఆడిషన్‌కి వెళ్ళడం, వేషం రాకపోతే ఏడవడం, ఏడుపు తగ్గాక పోర్చుగీసులో రాప్ చెయ్యడం తన దినచర్య.

ఒక శుక్రవారం నా తలుపు తట్టింది. మర్నాడే ఆడిషన్, ఇంగ్లీషులో రాప్ చెయ్యాలట. ఇదీ పోతే టికెట్ బుక్ చేసుకుని ఇంటికెళ్ళిపోవడమేనట. “నీ ఇంగ్లీష్ బాగుంటుంది, నువ్వు రాసిపెట్టు” అంది. నాకు తెలిసిన కవిత్వమల్లా పదో తరగతి ఛందస్సు. దాన్నే నమ్ముకున్నాను. మనీ, హనీ, ఫనీ, సనీ అంటూ ప్రతి పాదాన్నీ మొదలుపెట్టి, రెండో అక్షరం ఎక్కడా తప్పకుండా ప్రాస నడిపాను. (మా తెలుగు మాస్టారు చూసుంటే కంటతడి పెట్టేవారు.) తను దాన్ని కంఠతా పట్టిందే గాని బీట్‌తో కలిపి చూసుకోలేదు.

మర్నాడు ఆడిషన్‌కి మా అక్క డ్రైవ్ చేస్తుంటే, మిరపకాయ వెనక సీట్లో బీట్ పెట్టుకుని పాట అందుకుని, టక్కున ఆగిపోయింది.

“చివర్లు కలవట్లేదేంటి? ఒకటి ఫ్రిడ్జ్, ఇంకోటి అంకుల్!”

“మా వాళ్ళకి మొదట్లో కలుస్తాయి” అన్నాను.

అక్క అద్దంలోంచి నన్ను చూసింది. “ఆ పిల్ల కెరీర్ మీద నీ ఛందస్సేంటే?”

మిరపకాయ బీట్‌ని మళ్ళీ మొదటినుంచి పెట్టింది.

తను ఆడిషన్ గదిలోకెళ్ళాక తలుపుకి చెవి ఆనించాను. ఫ్రిడ్జ్ దగ్గర బీట్ ఒక దారి పట్టింది, తనొక దారి పట్టింది. తర్వాత బీట్ ఆపేశారు. తెలిసిన దేవుళ్ళందరికీ, తెలియని బ్రెజిల్ దేవుళ్ళకీ కలిపి మొక్కుకున్నాను. అంతలో లోపల అందరూ గొల్లున నవ్వారు. ఒక మనిషి భవిష్యత్తు కూలితే వచ్చే చప్పుడు ఇదే కాబోలనుకున్నాను. తను బయటికొచ్చి గోడకి జారబడింది.

“వాళ్ళకి కావలసింది రాప్ రాని అమ్మాయట. ఇంత బాగా రాకపోవడం ఇంతవరకూ ఎవరికీ రాలేదట!”

అలా దొరికిన ఆ చిన్న వేషం వెనక ఇంకోటి, దాని వెనక పెద్దది వచ్చాయి. ఇప్పుడు తను పేరున్న నటి, పైగా రాపర్. నేను మాత్రం ఆ పాదాలు ఇంకా మర్చిపోలేదు. మొన్న అక్కా నేనూ టీవీలో తన కొత్త పాట చూస్తుంటే ఆగలేక, “తనకి మొట్టమొదటి పాట రాసింది నేనే కదక్కా” అన్నాను, కాస్త గర్వంగానే.

అక్క సౌండ్ పెంచింది.

“అందుకేనేమో, ఇప్పుడన్నీ తనే రాసుకుంటోంది.”