తాడు పక్కన కుర్చీ

మా తమ్ముడికి ఊపిరి మిషను కొనాలి. వానలు పడేలోపు కొనాలి. ఆ వేసవిలో నా బుర్రలో ఇంకో మాట లేదు.

వాడిది కండరాలు కరిగిపోయే జబ్బు. పదిహేడో ఏట మిరియాలు కోయడానికి సిల్వర్ ఓక్ చెట్టుకి నిచ్చెన వేసుకుని ఎక్కినవాడు సగంలో ఆగిపోయి, "అప్పా, కాళ్లు నా మాట ఇనడం నేదే" అన్నాడు. మా వైపు అక్కని అప్ప అంటాం. ఒళ్లు బద్ధకమనుకుని కింద నిలబడి తిట్టాను. ఇరవై రెండుకి నడక పోయింది. ఇరవై ఆరుకి మంచం మీద పక్కకి తిప్పాలన్నా ఒక మనిషి ఉండాలి. విశాఖలో డాక్టరమ్మ కాగితం మీద నుంచి తలెత్తకుండా చెప్పింది. ఊపిరి తీసే కండరాలు కూడా అలిసిపోతున్నాయట. రాత్రుళ్లు ముక్కుకి మాస్కు పెట్టి గాలి కొట్టే మిషను కావాలట. అది లేకుండా వానాకాలం దగ్గు పట్టుకుంటే తను చేసేదేమీ ఉండదట.

ఎవరో వాడి వదిలేసినదైనా యాభై వేలు. మా కొండ మీద కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో దేవుడికెరుక, కాబట్టి ఇన్వర్టరు వేరే. నాది అంగన్వాడీ జీతం. మిరియాలు పాదు మీదుండగానే షావుకారుకి ఇచ్చేశాం, ఆ డబ్బు పరీక్షలకే సరిపోయింది. టౌనులో తెలిసినావిడ తమ్ముణ్ణి వీడియో తీసి ఫోన్లో పెట్టింది. చూసినవాళ్లు చేతులు జోడించిన బొమ్మలు బోలెడు పంపారు. బొమ్మలిస్తే మిషను ఎవరిస్తారు?

ఇక మిగిలింది పండగ తాడు. చైత్రంలో మాకు నాలుగు రోజుల ఇటుకల పండగ. మగవాళ్లు వేటకని అడవికి పోతారు. ఆడవాళ్లం ఘాట్ రోడ్డుకి అడ్డంగా తాడు పట్టుకుని, వచ్చేపోయే బళ్లని ఆపి డబ్బులడుగుతాం. పాడతాం, ఆడతాం, ఇవ్వందే వదలం. ఆ డబ్బుతో ఊరంతా కలిసి తినాలి, అది ఆచారం. ఇక వేటకి పోకుండా ఊళ్లో మిగిలిన మగాడు దొరికాడా, వాడి పని అయిపోయినట్టే. వదినలు, మరదళ్లు, వరసైనవాళ్లంతా కలిసి నెత్తిన పేడనీళ్లు కుమ్మరించి నోటికొచ్చినట్టు ఆడిపోసుకుంటారు. నడక పోయినప్పటి నుంచీ మా తమ్ముడికి ఏటా ఆ స్నానం తప్పేది కాదు. వాడూ తక్కువవాడు కాదు, తడిసి ముద్దై కూర్చుని తిరిగి బూతులు తిట్టేవాడు.

తాడుకి పెద్ద మా మేనత్త. వెళ్లి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని, ఈ ఏటి డబ్బు తమ్ముడికి ఇమ్మన్నాను. ఊరందరి నోటి దగ్గర కూడు అడుగుతున్నానని నాకు తెలుసు. అత్త చుట్ట ఆఖరిదాకా పీల్చి, పీక నేలకి నొక్కింది.

"తిండికేటుందే గుంటా, పై ఏడు తింటాం. ఆడిని రోడ్డు కాడికి తే. సూత్తే ఇత్తారు" అంది.

అక్కడే ఉన్న పక్కింటి వదిన నవ్వింది. "మరి ఆడు మగోడు, ఊర్లోనే ఉంటాడు. మా నీళ్ల సంగతేటి?"

నాకు ఒళ్లు మండిపోయింది. "ఆడికి ఊపిరే ఆడక నానేడుత్తంటే మీకు ఎకసెక్కాలా? ఒక్క సుక్క పడిందో, నాను ఊరుకోను!"

"నీ ఇష్టం వదినా" అంది ఆమె.

పండగ మొదటి రోజు పొద్దున్న ఉతికిన తెల్ల చొక్కా తీశాను. తమ్ముడు వద్దన్నాడు. "ఆ పాత సొక్కా ఏయ్ అప్పా" అని, భుజం దగ్గర చిరిగిన నీలం చొక్కా చూపించాడు. నాకు లోలోపల సంతోషమైంది. సిగ్గు విడిచి చెబుతున్నాను. చిరుగు కనబడితే జాలి, జాలి పుడితే పెద్ద నోటు. వీడికీ లోకజ్ఞానం వచ్చిందనుకున్నాను.

నాలుగు రోజులు వాణ్ణి తాడు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, జారిపోకుండా తువ్వాలుతో నడుం కట్టాను. ఒకాయన కారు అద్దం దించి, వాడి వైపు చూడకుండా నా చేతిలో అయిదు వందలు పెట్టి వెళ్లిపోయాడు. సంత నుంచి వచ్చే జీపులో మావాళ్లు తలా పదీ ఇరవై ఇచ్చారు. రెండో రోజు మా ఊరి ముసలి మామ ఒకడు దొంగచాటుగా ఇంట్లో పడుకుని దొరికిపోయాడు. వదినలు వాడి నెత్తిన రెండు బిందెలు బోర్లించారు. తమ్ముడు దగ్గొచ్చేదాకా నవ్వాడు. ఆ తరవాత బిందె ఎటు కదిలితే అటే మెడ తిప్పి చూశాడు. దాహమేమోనని నీళ్లు తాగించాను. వదినలు వాడి కుర్చీకి దూరంగా, దేవుడి గద్దె పక్కనుంచి నడిచినట్టు నడిచేవారు. నా మాటకి అంత విలువ ఇచ్చారని పొంగిపోయాను.

నాలుగో రోజు పొద్దువాలేసరికి మిషను డబ్బు చేతికొచ్చింది. ఏడుస్తూ వాడి చెవిలో చెప్పాను. వాడు వినిపించుకున్నట్టే లేడు.

"ఈ ఏడు నా మీద ఎవులూ నీళ్లు పొయ్యనేదేటి అప్పా?" అన్నాడు. "తడుత్తాదని పాత సొక్కా కూడా ఏసుకున్నాను. నన్ను మగోళ్ల లెక్కలోంచి తీసీసినారా?"

నేనే వద్దన్నానని చెప్పకుండా లేచాను. ఇంటికెళ్లి బిందెలో పేడ కలిపాను, మళ్లీ పారబోశాను. అప్ప పోస్తే అది ఎగతాళి కాదు, ఒళ్లు కడగడం. పరుగున వదిన దగ్గరికి వెళ్లి చేతులు పట్టుకున్నాను. ఆమె తాడు చుట్ట చుడుతోంది.

"పండగైపోనాది కదా" అంది. నిష్ఠూరంగా కాదు, ఉన్న మాటే చెప్పింది.

మిషను తొలివానకి ముందే వచ్చింది. వానాకాలం దాటించింది గానీ, పుష్యమాసం చలి దాటించలేకపోయింది. పై ఏడు తాడు డబ్బుతో ఊరంతా కలిసి తిన్నాం. నీలం చొక్కా నా పెట్టెలో ఉంది. భుజం దగ్గర చిరుగే గానీ, దాని మీద ఒక్క మరకైనా లేదు.