పొట్టు బల్ల

సత్యవేడు దగ్గర ఒక కంపెనీలో ఊడ్చే పని చేసే రూతు, కూతురు చదువుకునేదానికి ఒక బల్ల కొనింది. రంపపు పొట్టుతో చేసిన పలక, పైన టేకు రంగు కాగితం. తడి తగిలితే ఉబ్బుతుందని, వేడి తగిలితే పొర లేస్తుందని షాపాయన చెప్పినాడు. అందుకే ఆమె దాన్ని పొడిగుడ్డతోనే తుడిచేది.

ఒక ఆదివారం ఆమె భర్త అన్న ఏసుపాదం వచ్చినాడు. ఆయన మాటకు ఆ ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పరు. పొగలు కక్కే టీ గ్లాసు నేరుగా బల్ల మీద పెట్టినాడు.

"గ్లాసు తీయండి బావా" అనింది రూతు.

భర్త గుడ్లురిమినాడు. ఏసుపాదం నవ్వి, "పొట్టు బల్లకి ఇంత సంబడమా?" అన్నాడు.

"పొట్టుదే. మీ టేకు బల్లకి మచ్చ పడితే గీకి మళ్లీ పాలిష్ పట్టిస్తారు. దీనికి ఉండేది ఈ ఒక్క పొరే. తీయండి."

ఆయన కదల్లేదు. రూతే గ్లాసు ఎత్తి ఆయన చేతిలో పెట్టి, బల్ల మీది తడిని కొంగుతో ఒత్తింది. ఆయన టీ తాగకుండానే వెళ్లిపోయినాడు. క్షమాపణ అడగమని భర్త వారం రోజులు పోరినా ఆమె పోలేదు.

క్రిస్మస్‌కి ఆయనే వచ్చినాడు. తాగేదాకా గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు. రూతు ఇంకో అరగ్లాసు పోసింది.