కంచె లోపలి తెల్ల జింకలు, నేను చేసిన ఒక ఫోన్

ఆ రోజు నేను చెప్పింది అబద్ధమని మా నాయనకు తెలిసిందా, తెలియలేదా? ఇరవై ఏళ్లు దాటినా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు...

దుబాయ్‌లో, కరామాలో ఉన్న రోజులవి. రెండువేల మూడు. చిన్నప్పటి సంగతే గానీ మరీ చిన్నపిల్లనేం కాదు, పదకొండో తరగతి. ఒక ఫ్లాటును రెండు కుటుంబాలు పంచుకునేవాళ్లం. మాకో గది, వంటిల్లు ఉమ్మడి. నాయన నీళ్ల ట్యాంకర్ డ్రైవర్. రాయచోటి నుంచి వచ్చి అప్పటికి పదిహేనేళ్లు.

స్కూలు లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చాను. అమెరికాలో ఒక కుటుంబం కారేసుకుని ఎడారి నేషనల్ పార్కులన్నీ వరసగా చుట్టి వస్తుంది. మనమూ అలా వెళ్దామన్నాను. అమ్మ నవ్వింది. ఇసుక చూడ్డానికి అంత దూరమెందుకు, బాల్కనీ ఊడిస్తే చేటెడు వస్తుంది గదా అంది. నాయన మాత్రం ఆ బొమ్మల్ని చాలాసేపు చూశాడు.

"మన దుబాయ్‌లో లేవనుకున్నావా పాపా? అల్ ఐన్ రోడ్డులో కంచె వేసిన ఎడారి ఉండాది. లోపలంతా తెల్ల జింకలు... కొమ్ములు ఇంత పొడుగు. మూడు దినాలకొకసారి వాటికి నీళ్లు తోలేది నేనే గదా."

అంతే... ఆ రోజు నుంచి మా ఇంట్లో ప్లాను మొదలైంది.

ప్రతి శుక్రవారం జుమ్మా నమాజు, భోజనాలు అయ్యాక చాప మీద మ్యాపు పరిచేవాళ్లం. నాయనకు ఇంగ్లీషు అంతగా రాదు. ఊరి పేరు నేను చదివితే, అక్కడేముందో ఆయన చెప్పేవాడు. రోడ్డు ఎక్కడ మలుపు తిరుగుతుందో, ఏ కెఫెటేరియాలో టీ బాగుంటుందో, ఏ మసీదు దగ్గర ఆడవాళ్లకు బాత్రూం ఉందో... ఇవేవీ మ్యాపులో లేవు, ఆయన బుర్రలో ఉన్నాయి. అమ్మ పెట్టిన షరతు ఆ చివరిదొక్కటే. అందుకని నా ఎర్ర పెన్నుతో మసీదులన్నిటికీ చుక్కలు పెట్టాడు.

ఈద్ సెలవులు మూడు రోజులు. మొదటి రోజు జింకలు, రెండో రోజు అల్ ఐన్ కొండ, మూడో రోజు లివా ఇసుక దిబ్బలు. పక్క గది నెల్లూరన్న తన కారు ఇస్తానన్నాడు. అమ్మ సద్దికి ఏమేం కట్టాలో నెల ముందే లెక్కలేసుకుంది.

ఇంగ్లీషులో ఫోను చేయాల్సిన పనులన్నీ మా ఇంట్లో నావే. క్లినిక్కైనా, స్కూలైనా... జింకల చోటు ఎన్నింటికి తెరుస్తారో కనుక్కోమన్నాడు నాయన. లోపలికి రానిస్తారా అన్న అనుమానమే ఆయనకు లేదు. ట్యాంకర్లు, పనివాళ్లు పోయే పని గేటు దగ్గర వాచ్‌మన్ ఖాన్ భాయ్, పిల్లల్ని తీసుకురా, నేను తెరుస్తానని ఎప్పుడో మాటిచ్చాడట.

మర్నాడు స్కూలు నుంచి రాగానే చేశాను. అవతల ఒకావిడ, చాలా మర్యాదగా, గది ఏ తేదీకి కావాలని అడిగింది. లోపలొక హోటల్ ఉందట. అందులో దిగినవాళ్లకే ప్రవేశం. జింకల్ని చూసి వెళ్లిపోతామన్నాను. కుదరదంది. నాకు కంగారు పుట్టి, గేటు దగ్గర మాకు తెలిసినవాళ్లున్నారు అనేశాను. ఆవిడ గొంతు మారిపోయింది. ఎవరు, పేరేమిటి అంది. ఫోను పెట్టేశాను...

ఉన్నది ఉన్నట్టు చెబితే నాయన ఊరుకోడు. ఖాన్ భాయ్ ఉన్నాడు గదా, పని గేటు నుంచి పోదాం అంటాడు. పట్టుబడితే ఖాన్ భాయ్ పని పోతుంది. నాయన పనీ పోతుంది. ఆ పనితోనే మా వీసాలు... ఇది ఒకటి. ఇంకొకటి కూడా ఉంది. ఈద్ బట్టల్లో నాయన ఆ గేటు ముందు నిలబడి హిందీలో బతిమాలుకోవడం నా కళ్లకు కట్టింది. అదంతా చూస్తూ కారు వెనక సీట్లో నేను కూర్చోవాలి...

సాయంత్రం ఆయన రాగానే చెప్పాను. "ఇది జింకలు ఈనే కాలమంట నాయనా. నెల దినాలు ఎవురినీ లోపలికి పోనీరంట."

ఎవరికి చెబుతున్నానో అనేశాక గానీ తట్టలేదు. ఆ పొద్దున వాటికి నీళ్లు తోలి వచ్చిన మనిషికి...

బూటు లేసు విప్పుతూ ఆగి నా వైపు చూశాడు. ఎక్కువసేపేం కాదు. "అవునవును. నేను గూడా చూసినాలే. మొన్న ఒకటి నిండు సూడితో ఉండాది," అన్నాడు. మ్యాపు తీసి, మొదటి రోజు దారి మీద ఆయనే గీత కొట్టేశాడు. "ఖలాస్. నేరుగా కొండ కాడికే పోదాం."

వెళ్లాం. అల్ ఐన్ రోడ్డు పక్కన కంచె రాగానే కారు నెమ్మదించాడు గానీ ఆపలేదు. నువ్వు చెప్పే తావు ఇదేనా అని అమ్మ అడిగింది. ఇదే, ఈనే కాలంలో గలాటా చేయగూడదు అన్నాడు నాయన.

"అయితే నీ ట్యాంకరు చప్పుడు చేయకుండా పోతాదా వాటి కాడికి?"

"అది తాగే నీళ్లు గదా. దానికి ఏమీ అనుకోవులే."

అమ్మ నవ్వింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. కంచె చాలా పొడుగ్గా సాగింది... ఒక్క జింకా కనబడలేదు.

ఇప్పుడు దారులన్నీ ఫోనే చెబుతోంది, బాత్రూములతో సహా. మా పిల్లలు ప్లాను వేయరు, బుక్ చేస్తారు. చాప మీద మ్యాపు పరిచి నెలల తరబడి వెళ్లిన ఆ ప్రయాణం వాళ్లకెలా చెప్పాలో తెలియదు. మీలోనూ ఇంట్లో అందరి తరఫునా ఫోన్లు చేసిన పిల్లలుంటే... అవతలివాళ్ల జవాబును మార్చి చెప్పిన రోజు మీకూ ఉందా?

నాయన ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు. ఇది రాస్తుంటే పక్క గదిలో టీవీ చూస్తున్నాడు. వెళ్లి అడిగితే ఒక్క నిమిషం పని... అడగలేదు. తెలుసులే పాపా అంటే, మరి ఎందుకలా చెప్పావని ఆయన అడగొచ్చు. ఆయన పని పోకూడదని చెప్పానా, ఆ గేటు ముందు ఆయన్ని అలా చూడలేక చెప్పానా, లేక ఆయన పక్కన నన్నెవరూ చూడకూడదని చెప్పానా... నాకింకా తేలలేదు.