రెండొందల నాలుగో గదిలో పక్క

లుద్వీక్ సాధించిన మొదటి ఘనకార్యం మంచం మీద పడుకోవడం. అందుకు ఆయనకు పదకొండు రోజులు పట్టింది. నవ్వేవాళ్ళు నవ్వుకోవచ్చు. తొమ్మిదేళ్ళపాటు ప్రాగ్ నగరంలో ట్రామ్ షెడ్ల వెనకా, వంతెనల కిందా అట్టముక్కల మీద పడుకున్న మనిషికి హోటల్ పరుపంటే ఊబిలాంటిది. ఒళ్ళు కిందికి దిగిపోతుంటే కన్ను మూతపడుతుందా?

ఈ సంగతి కనిపెట్టింది మిలూషె. ఆ హోటల్లో ముప్ఫై తొమ్మిదేళ్ళుగా గదులు సర్దుతున్న మనిషి. పల్లెటూరి బడిలో ఎనిమిదో తరగతితో చదువు సరి. కానీ పక్క చూసి మనిషిని చెప్పమంటే చెప్పగలదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళెవరో, అలిగి అటూ ఇటూ తిరిగి పడుకున్న మొగుడూపెళ్ళాలెవరో, తెల్లవార్లూ ఏడ్చినదెవరో ఆవిడకు దుప్పటి ముడతలే చెప్పేవి. వయసులో ఉన్నప్పుడు హోటల్ పనివాళ్ళందరికీ పెట్టిన పోటీలో మొదటి బహుమతి ఆవిడదే. ఆవిడ బిగించిన దుప్పటి మీద నాణెం పడేస్తే ఎగిరి చేతిలోకి వచ్చేది. ఎక్కడి నుంచో వచ్చిన మంత్రి ఒకాయన ఆ పక్క చూసి, ఇందులో పడుకోవాలంటే భయంగా ఉందన్నాడట. ఇవన్నీ అబద్ధాలు కావు, అప్పటి వంటవాడు ఇంకా బతికే ఉన్నాడు, అడగవచ్చు.

కరోనా వచ్చాక టూరిస్టులు పోయారు. ఇల్లూవాకిలీ లేనివాళ్ళను చలికాలం కాపాడటానికి నగర పాలకసంస్థవాళ్ళు ఆ హోటల్‌ను అద్దెకు తీసుకున్నారు. భోజనం, మంగళవారాలు వచ్చే నర్సు, కాగితాలు చూసిపెట్టడానికి రదీమ్ అనే కుర్రవాడు, అన్నీ ఏర్పాటు చేశారు. తోటి పనివాళ్ళు ముక్కు మూసుకుని సెలవు పెట్టారు. మిలూషె పెట్టలేదు. గదిలో దిగినవాడెవడైనా తనకు అతిథే అంది. లుద్వీక్‌ను మొదటి రోజు నుంచీ 'గారు' అనే పిలిచింది.

ఆయన మాత్రం ఆవిడను ఆటపట్టించకుండా వదిలేవాడు కాదు.

"నా దుప్పటి మార్చకండి దొరసానీ. నేను ముట్టుకోలేదు."

"మీరు ముట్టుకోకపోతే నేనేం ఉతకాలండీ? నా నౌకరీ ఊడగొడతారా?"

కిటికీకీ మంచానికీ మధ్య తివాచీ అణిగి ఉండటం ఆవిడ చూసింది. బీరువాలోంచి రెండు అరల చెక్కలు ఊడదీసి పరుపు కింద పరిచింది. పదకొండో రోజు పొద్దున దిండు మీద తల పెట్టిన గుంట కనబడింది. ఆ రోజు మిలూషె మెట్లు దిగి వచ్చి, బహుమతి తనకే వచ్చినట్టు రదీమ్‌కు చెప్పింది.

ఆ తర్వాత లుద్వీక్ ఒక్కొక్కటే సాధించుకుంటూ పోయాడు. మడమ మీద మూడేళ్ళుగా మానని పుండును నర్సు చేత మాన్పించుకున్నాడు. క్రిస్మస్‌కు ముందు నలభై రోజులు రమ్ము ముట్టలేదు. నలభై ఒకటోరోజు ముట్టాడు, మర్నాడు మళ్ళీ ఒకటి నుంచి లెక్క మొదలెట్టాడు. పోయిన గుర్తింపు కార్డు తెచ్చుకున్నాడు. ఒకప్పుడు ట్రామ్ పట్టాలు అతికే పని చేసిన మనిషి. భార్య పోయాక, పనితోపాటు వచ్చిన ఇల్లు పనితోపాటే పోయింది. ఆ పట్టాల ఆఫీసు నుంచి ఇరవై రెండేళ్ళ సర్వీసు కాగితం కూడా రదీమ్ వెంటబడి సంపాదించాడు. వాటన్నిటికంటే ఆయన గొప్పగా చెప్పుకున్నది ఇంకొకటి. లిబెన్ వంతెన మెట్ల కింద ఉండే జార్మిలా అనే ముసలావిడను ఒప్పించి, తన కొత్త కార్డు సాక్ష్యంగా పెట్టి, గది కోసం కాచుకున్నవాళ్ళ జాబితాలో ఆవిడ పేరు రాయించాడు.

"ఆవిడ నాకు మూడు చలికాలాలు సగం దుప్పటిచ్చింది. గది ఎప్పుడొస్తుంది బాబూ ఆవిడకి?" అని వారానికి రెండుసార్లు రదీమ్‌ను అడిగేవాడు.

ఫిబ్రవరి ఆరు, శనివారం, లుద్వీక్‌కు ఊపిరాడలేదు. అంబులెన్స్‌లో ఎక్కిస్తుంటే, "పక్క సర్దకండి దొరసానీ, ఇప్పుడే వస్తా" అన్నాడు.

సోమవారం రదీమ్ కాగితం పట్టుకుని రెండో అంతస్తుకు వచ్చాడు.

"మిలూషె గారూ, వరసగా మూడు రాత్రులు పక్క వాడకపోతే గది తరవాతి వాళ్ళకివ్వాలి. రేపటితో మూడు."

"ఆయనేమన్నా షికారుకెళ్ళాడా నాయనా? ఆస్పత్రిలో గొట్టం పెట్టుకుని ఉన్నాడు."

"దీంట్లో ఆస్పత్రికి గడి లేదండీ. వాడారు, వాడలేదు. రెండే."

"గది పోతే?"

"ఆస్పత్రి నుంచి తిన్నగా వంతెన కిందికే. పేరు మళ్ళీ జాబితా చివర్న."

మిలూషె చీపురు గోడకు ఆనించింది. "ఇప్పుడు ముందున్నదెవరు?"

రదీమ్ కాగితంలో పైపేరు మీద వేలు పెట్టాడు. "జార్మిలా," అన్నాడు.

లుద్వీక్‌నే అడిగితే ఏమంటాడో ఇద్దరికీ తెలుసు. ఆయన గొంతులో గొట్టం ఉంది, అడగడానికి లేదు. అడగలేకపోవడమే మంచిదయిందని మిలూషెకు ఆ క్షణాన అనిపించింది.

"గురువారం జిజ్కోవ్ పేటలోని ఇంకో హోటల్లో ఒక గది ఖాళీ అవుతుందంటున్నారు," అన్నాడు రదీమ్.

"మరింకేం. అన్నేళ్ళు బయటున్న మనిషి, ఇంకో రెండు రోజులు ఉండలేదూ?"

"నేను చూసిందే రాస్తానండీ," అన్నాడు రదీమ్. "చూడంది రాయను." అని వెళ్ళిపోయాడు. ఆ మాటకు అర్థం ఆవిడకు తెలుసు.

మంగళవారం పొద్దున మిలూషె ఆ గదిలోకి వెళ్ళి ఎవరో పడుకున్నట్టు పక్క చెదరగొట్టబోయింది. చెయ్యి రాలేదు. ముప్ఫై తొమ్మిదేళ్ళు ముడత కనబడితే చాలు సాపు చేసిన చెయ్యి. దుప్పటి లాగితే మూలలు వాటంతటవే మడత పడ్డాయి. దిండును గుద్దితే మళ్ళీ ఆ చెయ్యే దులిపి నిలబెట్టింది.

రదీమ్ గుమ్మంలోంచి చూశాడు.

"ఇదెవరు పడుకున్నారండీ? పెళ్ళికూతురిని కూర్చోబెట్టినట్టుంది."

"గుంట పెట్టానుగా దిండుకి."

"తల పెట్టినట్టు లేదు, తిట్టి కొట్టినట్టుంది. పది గంటలకి నగర సంస్థ నుంచి తనిఖీ ఆవిడొస్తుంది, మిలూషె గారూ."

అతను వెళ్ళాక ఆవిడ తలుపు వేసింది. అతిథి మంచం మీద కూర్చోకూడదన్నది ఆవిడ పనిలో చేరిన రోజున నేర్చుకున్న మొదటి పాఠం, చేతికింద చేరిన ప్రతి పిల్లకూ చెప్పిన పాఠం. కాలు విరిగిన రోజున కూడా గోడకు ఆనుకుని నిలబడింది గానీ కూర్చోలేదు. ఇప్పుడు చెప్పులు విప్పి, దుప్పటి తీసి, పడుకుంది. పరుపు కింద చెక్కలు వీపుకు తగిలాయి. ఈయన ఇలా పడుకునేవాడన్నమాట, అనుకుంది. పావుగంట అటూ ఇటూ దొర్లి లేచింది. తనిఖీ ఆవిడ తొంగిచూసి తలూపింది. రదీమ్ 'వాడారు' అని రాశాడు.

బుధవారం చలి మైనస్ పద్నాలుగుకు దిగింది. మిలూషె ఆ పొద్దున కూడా పడుకుంది. హీటర్ వెచ్చగా ఉంది, ఒళ్ళు అలిసి ఉంది. కునుకు పట్టి, అరగంట నిద్రపోయింది.

గురువారం జిజ్కోవ్ గది నిజంగానే ఖాళీ అయింది. చెబుదామని రదీమ్ వెల్లుల్లి సూపు ఫ్లాస్కులో పోయించుకుని వంతెన దగ్గరికి వెళ్ళాడు. గంటలో తిరిగి వచ్చాడు. ఫ్లాస్కు మూత తీయలేదు. మిలూషె మెట్ల మీదే ఎదురొచ్చింది.

"రాలేదా ఆవిడ?"

రదీమ్ గోడకేసి చూశాడు. "నిన్న పొద్దున తీసుకెళ్ళారటండీ. పోలీసులు. కూర్చున్నట్టే గడ్డకట్టి ఉందట."

"నిన్న పొద్దునా?"

"తెల్లారాక చూశారట."

మిలూషె రెండో అంతస్తుకు పోయి, రెండొందల నాలుగులో దుప్పటి, దిండు గలీబు, అన్నీ లాగేసింది. కొత్తవి వేయలేదు. పరుపు అలాగే బోడిగా ఉండిపోయింది. మర్నాటి నుంచి ఆ గడిలో రదీమ్ తనంతట తానే 'వాడారు' అని రాసుకున్నాడు. ఆవిడ చూసి ఊరుకుంది.

తర్వాతి వారం ఆస్పత్రి నుంచి కబురొచ్చింది. గొట్టం తీశారు, మాట్లాడుతున్నాడు, కాళ్ళలో బలం వస్తే పంపిస్తామని రోజు కూడా చెప్పారు. ఫోను పెట్టేశాక రదీమ్ అన్నాడు:

"అక్కడి నర్సుని అడిగాడటండీ. జార్మిలాకి గదొచ్చిందా అని."

"ఏం చెప్పిందట?"

"ఆవిడకేం తెలుసు? హోటల్‌కెళ్ళి అడగమందట."

"నువ్వు చెబుతావా?"

"మీరు చెప్పండి. మీ మాటయితే వింటాడు."

"నేను ఆయన పక్కలో పడుకుని నిద్రపోయాను, రదీమ్ బాబూ. అది కూడా చెప్పాలి కదా."

రదీమ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిలూషె బట్టల గదిలోకి పోయి, ఉతికిన దుప్పట్లలో అన్నిటికంటే పాతది, మెత్తబడ్డది వెతికి తీసింది. దాన్ని రెండొందల నాలుగులో పరిచి, ఈసారి మూలలు బిగించలేదు. ఆయనకు బిగిస్తే ఇష్టం ఉండదు. ఆస్పత్రివాళ్ళు చెప్పిన రోజును పలక మీద సుద్దముక్కతో రాసి తలుపుకు తగిలించింది: లుద్వీక్ గారు, మార్చి రెండు, మంగళవారం.