ఆవిరి లెక్క ఉన్న పేజీ

ఫ్రౌ హార్ట్‌విగ్ ఆవిరి ఖర్చును తక్కువగా లెక్కవేశారని, అందువల్లే ఫ్యాక్టరీ మూతపడిందని జర్మనీలో నేను పనిచేసిన కంపెనీ తన వార్షికోత్సవ గ్రంథంలో అచ్చు వేసింది. అది అబద్ధం. ఆవిడ లెక్క సరైనదే. ఆ లెక్క ఉన్న పేజీని నేను కళ్లారా చూశాను. ఫ్యాక్టరీ కట్టకముందు అచ్చయిన నివేదికలో మాత్రం అది లేదు.

చలి మొదలయ్యాక బ్రెమెన్ నుంచి దక్షిణానికి పోయే రైలెక్కితే, ఒకచోట కిటికీలు మూసి ఉన్నా ఉడికిన బీటుదుంపల వాసన లోపలికి వస్తుంది. మట్టీ తీపీ కలిసిన వాసన. పక్కవాళ్లు ముక్కు చిట్లిస్తారు. నాకు ఆవిడ గొంతు వినిపిస్తుంది. గోదావరి జిల్లాలో చెరుకు ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్లు ఆపరేటరుగా చేసి, పదో తరగతి తప్పిన చదువుతో ఇక్కడికి వచ్చినవాణ్ణి నేను. బీటు చక్కెరను పులియబెట్టి లాక్టిక్ ఆమ్లం తీసే ఆ కంపెనీ చిన్న ప్రయోగశాలలో చేరాను. పెరుగుకు పులుపునిచ్చే ఆమ్లమే. దానితో పెట్రోలు అవసరం లేని ప్లాస్టిక్కు చేస్తారు. హార్ట్‌విగ్ గారు మాకు పై అధికారి. పొట్టి మనిషి, పెద్ద బూట్లు.

మొదటి వారంలోనే ఆవిడ ముందు గొప్పలు పోయాను. "మేడమ్, పులియబెట్టడం ఎంతసేపు? చక్కెర చవగ్గా దొరికితే గెలిచినట్టే."

"పులిసిన నీళ్లలో ఆమ్లం ఎంత, హెర్ వీర్రాజు?"

"పదో వంతు ఉంటుందండీ."

"మిగతా తొమ్మిది వంతుల నీళ్లనూ ఎవరు మరిగిస్తారు?"

"ఆవిరి మరిగిస్తుంది. ఆవిరికేం, ఉత్తిదేగా!"

ఆవిడ నవ్వలేదు. "మీ చెరుకు తన వంటచెరుకు తనే మోసుకొస్తుంది. బీటుదుంప చేతులూపుకుంటూ వస్తుంది."

నిజమే. మా దగ్గర చెరుకు పిప్పి బాయిలర్లో పడుతుంది, ఆవిరి లేస్తుంది, ఎవడూ దాన్ని ఖర్చనుకోడు. ఇక్కడ దుంప పిప్పి పశువుల దాణాకు పోతుంది, ఆవిరి కోసం గ్యాసు కొనాలి. ఇరవై ఏళ్లు ఆవిరి మధ్య బతికి దాని విలువ తెలియనివాణ్ణని ఆ రోజు తెలిసింది. ఆవిడిచ్చిన ఆవిరి పట్టికల పుస్తకాన్ని, నిఘంటువు ఒళ్లో పెట్టుకుని, ట్రాములో చదివి నేర్చుకున్నాను. ఆవిడ పద్ధతి ఒకటి నా ఒంటికి పట్టేసింది. ప్రతి అంకె పక్కనా దాన్ని కొలిచినవారి పేరు రాయాలి. "ఎవరూ కొలవని అంకె పుకారు" అనేవారు.

పెద్ద ఫ్యాక్టరీ కట్టాలా వద్దా అన్న నివేదిక తయారవుతోంది. అందులో ఆవిరి ఖర్చు దగ్గర కంపెనీవాళ్లు ఒక ఉష్ణదేశపు చెరుకు ఫ్యాక్టరీ అంకెను తెచ్చి పెట్టారు. చూడగానే నాకు తెలిసిపోయింది, అది నేను చేసిన తప్పే, టై కట్టుకుని వచ్చింది. ఒక మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లినప్పుడు, ఆవిరి చల్లబడి నీరై దిగే గొట్టం వాల్వు తిప్పి, బకెట్లో పట్టి, గడియారం చూసి కొలిచాను. ఆ వాల్వు ముట్టుకునే అధికారం నాకు లేదు. అలాంటి పనికే అంతకుముందు ఒకసారి లిఖితపూర్వకంగా హెచ్చరించారు కూడా.

అంకె చూసి ఆవిడ తలెత్తారు. "ఎవరినడిగి తెరిచారు?"

"అడిగితే ఒప్పుకోరని అడగలేదండీ."

"మూర్ఖుడు" అన్నారు. తర్వాత, "ఇంకో రెండుసార్లు కొలిచారా?"

"మూడుసార్లు."

పేజీ రాశారు. ఈ ఆవిరితో ఫ్యాక్టరీ నిలబడదని తేల్చారు. అంకె పక్కన నా పేరు చూపించారు. జర్మన్ అక్షరాల్లో నా పేరు అంత అందంగా ఎవరూ రాయలేదు. నెల తర్వాత నివేదిక వచ్చింది, ఆ పేజీ లేకుండా. అడిగితే ఆవిడ "మీ పని మీరు చూసుకోండి" అన్నారు. పైవాళ్లు చించేశారని, ఆవిడ భయపడ్డారని అనుకున్నాను. ఆ చెరుకు అంకెనే నమ్మి ఫ్యాక్టరీ కట్టారు. నాలుగేళ్లకు మూశారు. నివేదిక ఆవిడ ప్రయోగశాలది కాబట్టి తప్పంతా ఆవిడ నెత్తిన పడింది. మారుమాట్లాడకుండా పదవీ విరమణ చేసి, కొన్నేళ్లకు పోయారు.

ఆ గ్రంథం చూసినప్పటినుంచి కంపెనీకి రాస్తూనే ఉన్నాను, ఆవిడ గురించే, కొలిచింది నేనన్న సంగతి ఎత్తకుండా. నా జర్మన్‌ను సరిదిద్దేది పై అంతస్తు సునీత, హైదరాబాద్ అమ్మాయి, సాఫ్ట్‌వేర్ ఇంజనీరు.

"బాబాయ్, ఇది ఆరో లెటర్. ఆన్‌మెల్డుంగ్ టెర్మిన్ కోసం కూడా నేను ఇన్ని మెయిల్స్ రాయలే." కొత్త చిరునామా నమోదు చేయించుకోవడానికి ఆఫీసువాళ్లిచ్చే సమయం సంగతి అది.

"రాయమ్మా."

"'సిగ్గులేనివాళ్లు' అని జర్మన్ల పెడితే వకీలు నోటీసొస్తది. జర తగ్గిస్త."

"సిగ్గుపడమని రాయి. అంతకంటే తగ్గించకు."

ఇప్పటికీ కరెంటు మీటరు అంకె రాసినా పక్కన నా పేరు రాస్తాను. సునీత నవ్వుతుంది. పోయిన వారం జవాబు వచ్చింది. సునీత చదివింది, నేను తెలుగులో రాసుకున్నాను:

"ఆలస్యానికి విచారిస్తున్నాము. మీరు చెప్పిన పేజీ మా దగ్గర లేదు. దాని స్థానంలో ఫ్రౌ హార్ట్‌విగ్ చేతిరాతతో ఈ చీటీ ఉంది: 'ఈ పేజీని నేనే తీసేస్తున్నాను. అంకె సరైనదే. కొలిచిన మనిషి పేరు బయటపడితే ఆయన ఉద్యోగం పోతుంది, దానితో ఈ దేశంలో ఉండే అనుమతీ పోతుంది. పేరు లేని అంకెను నేను రాయను.' గ్రంథంలోని వాక్యాన్ని సరిదిద్దడానికి మాకు అభ్యంతరం లేదు. అయితే ఆ కొలిచిన వ్యక్తి ఎవరో మా రికార్డుల్లో ఎక్కడా లేదు. మీకు తెలిస్తే తెలియజేయగలరు."