పెద్దక్కకున్న తీరిక

కుర్రకారుకు సలహాలిచ్చే కేంద్రానికి నిధుల్లో కోత పెట్టాక, అక్కడ పనిచేసే, అందరూ అక్కా అని పిలిచే ఇద్దరిలో చిన్నక్క ఒక్కతే మిగిలింది. ఇప్పుడామె ఎదుటివాళ్లు నోరు విప్పకముందే పెన్ను క్యాప్ తీస్తుంది, తలూపుతూనే గుమ్మం వైపు చూస్తుంది. ఆ రోజు చంకలో పాపతో వచ్చిన అమ్మాయి, భృతి ఆగిపోయిందని, గది ఖాళీ చేయమంటున్నారని చెప్పబోయింది. "మళ్లీ దరఖాస్తు పెట్టుకోమ్మా. తర్వాతెవరు?" అంది చిన్నక్క. కాసేపటికి కిటికీలోంచి చూస్తే ఆ అమ్మాయి బయట మెట్ల మీద, ఉద్యోగం పోయిన పెద్దక్క పక్కన కనిపించింది. పాప పెద్దక్క ఒళ్లో నిద్రపోతోంది. "తొందరేం లేదే తల్లీ, మొదట్నుంచి చెప్పు," అంటోంది పెద్దక్క. "ఆవిడకేం, జీతం లేని మహారాణి! ఎంతసేపైనా వింటుంది," అని గొణుక్కుంటూ చిన్నక్క కిటికీ మూసింది. ఎదుటి కుర్చీలోని కుర్రాడు అప్పటిదాకా తన గోడు చెప్పుకుంటూనే ఉన్నాడు. "మరి నన్నేం చెయ్యమంటారక్కా?" అనడిగాడు. ఆమె ఒక్క ముక్క కూడా వినలేదు.