నూకాలు చెప్పిన మాట

పిల్లలు పుట్టకుండా వేసే కాపర్-టీ తన ఒంట్లో ఉందని నూకాలుకు మూడు నెలల దాకా తెలియదు. రెండో కాన్పప్పుడు ఆసుపత్రి బల్ల మీదే వేసేశారు. నొప్పులు పడుతుండగా ఏదో కాగితం మీద సంతకం పెట్టించుకోవడం మాత్రం గుర్తుంది.

పద్మనాభం మండలంలోని పల్లె నుంచి కోడలిగా గాజువాక వచ్చిన మనిషి. రొయ్యల ఫ్యాక్టరీలో పని. భర్త సింహాద్రి స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు కూలీ. పెళ్లయిన కొత్తలో అతనికి సెలవు దొరికితే ఆమె కూడా పని మానేసేది. తలుపేసుకుని మధ్యాహ్నం దాకా నవ్వుకుంటూ ఉండేవారు. ఎవరితోనూ అనలేదు గానీ, ఆమెకు అదంటే ఇష్టం.

కాపర్-టీ తర్వాత నెలలో పన్నెండు రోజులు రక్తం పోయేది. ఫ్యాక్టరీలో గుడ్డ మార్చుకోవాలంటే సూపర్‌వైజరును అడగాలి. దగ్గరకొస్తే సింహాద్రి, "కాపర్-టీ దారం గుచ్చుకుంతంది" అని విసుక్కునేవాడు. తీయించుకుందామని ఆసుపత్రికి వెళ్తే నర్సు, "అందరికీ అలాగే ఉంటాది, అలవాటైపోద్ది" అని పంపేసింది. అలా రెండేళ్లు గడిచాయి.

చివరికి ఒక డాక్టరమ్మ తీసేసి, పిల్లలు పుట్టకుండా మగవాళ్లు చేయించుకునే ఆపరేషన్ చాలా తేలికని చెప్పింది. ఆ మాట ఇంట్లో ఎత్తగానే అత్త కాశమ్మ కంచం పక్కకు నెట్టేసింది.

"బరువులెత్తేవోడికి ఆపరేషనేటే? నువ్వు సేయించుకో."

సింహాద్రి అన్నం తింటూనే ఉన్నాడు. నూకాలే చేయించుకుంది.

రక్తం ఆగింది. కానీ అతను చెయ్యి వేస్తే చాలు, ఒళ్లు కట్టెలా బిగుసుకునేది. ఆ సంగతి ఆశా కార్యకర్త రాణితో బస్టాపులో చెప్పింది. రాణి సంచిలోంచి రిజిస్టరు తీసి చూపించింది.

"ఆపరేషన్ అయినోళ్ల పేర్లు రాస్తాను అక్కా. తర్వాత ఎలాగున్నారో అడగమని నాకెవరూ సెప్పలేదు. నువ్వు మీ ఆయనతోనే సెప్పి సూడు."

ఒక ఆదివారం పిల్లలు బయట ఆడుకుంటుంటే చెప్పింది.

"మావా, నువ్వంటే ఇష్టం లేక కాదు. నాకేటీ తెలీటం లేదు. నొప్పొకటే తెలుస్తంది. ఇద్దరం డాక్టరమ్మ దగ్గరికెల్దాం."

సింహాద్రి చొక్కా వేసుకుంటూ ఆగాడు.

"ఫ్యాక్టరీలో ఎవుడన్నా ఉన్నాడేటి?"

నూకాలుకు నోట మాట రాలేదు. ఆ మౌనాన్ని అతను తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు. ఆ రోజు నుంచి చాప వరండాలో వేసుకున్నాడు. పనిలోంచి మాన్పించాలని చూశాడు గానీ, ఆమె జీతం లేకపోతే ఇల్లు గడవదు.

డాక్టరమ్మ దగ్గరకు నూకాలు ఒక్కతే వెళ్లింది. ఆవిడ బదిలీ అయిపోయిందన్నారు. కొత్తగా వచ్చినాయన మగ డాక్టరు. వరసలో కాసేపు నిలబడి, తన వంతు రాకముందే చీటీ మడిచి బయటికొచ్చేసింది.

ఇప్పుడు మంచం మీద పిల్లలిద్దరి మధ్య పడుకుంటుంది. హాయిగా నిద్రపడుతోంది. అలా పడుతున్నందుకే సిగ్గుగా ఉందని రాణితో అంది.